తీగ వెనక ఈల

అన్నయ్య నాకు అబద్ధం చెబుతున్నాడని ముందు నా చెవికి తెలిసింది. మనసు ఒప్పుకోవడానికి మాత్రం ఇంకా చాలా రోజులు పట్టింది.

కిందటేడు వేసవి సంగతి ఇది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ మధ్యలో సముద్రం మీద వేట ఆపేస్తారు. రెండు నెలలపాటు కాకినాడ హార్బర్‌లో బోట్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కట్టేసి ఉంటాయి. మగవాళ్ళంతా ఇళ్ళలో ఉంటారు. మా నాన్న బుల్లియ్య బోటు నడుపుతాడు. అన్నయ్య యుగంధర్ అదే బోటులో పనికి వెళ్తాడు. మార్కెట్లో చేపలమ్మే మా అమ్మ పెద్దింట్లమ్మ, ఆ రెండు నెలలూ ఎండు చేపలు అమ్ముతుంది. జగన్నాథపురంలో మా రెండు గదుల ఇల్లు ఆ రోజుల్లో మరీ ఇరుకైపోయేది.

అన్నయ్యకి ఇంకో పని ఉంది. అడిగితే అసలు పని అదేనంటాడు. పెళ్ళిళ్ళకీ జాతరలకీ వాయించే ఆర్కెస్ట్రా నడుపుతాడు. వేసవిలోనే ముహూర్తాలు కాబట్టి వేట లేని నెలల్లోనే మాకు ప్రోగ్రాములు ఎక్కువ. పాట మధ్యలో నలుగురూ తలతిప్పి చూసే గిటారు ముక్కలన్నీ అన్నయ్యవి. వెనకాల నిలబడి పాటకి తగ్గట్టు తీగలు కొడుతూ ఉండటం నా పని. అసలు గిటారు పట్టుకోవడం నాకు నేర్పింది కూడా అన్నయ్యే.

ఆ ఏడు నాకు కొత్త పిచ్చి పట్టింది. తీగ మీటడానికి వేళ్ళ మధ్య పట్టుకునే చిన్న బిళ్ళ ఉంటుంది, పిక్ అంటారు. గిటారు ఏ కంపెనీది, తీగలు కొత్తవా పాతవా అని అందరూ చూస్తారు గానీ, తీగని ముందు తాకేది ఆ బిళ్ళే కదా అనిపించింది. షాపులో కొన్న పల్చటి పిక్‌తో మీటితే రేకు మీద చినుకు పడ్డట్టు టిక్కుమనేది. మందంగా ఉన్నదాంతో నిండుగా పలికేది గానీ చెయ్యి పరిగెత్తేది కాదు. పెరుగు డబ్బా మూత కత్తిరించి చూశాను. పాత ఏటీఎం కార్డు చూశాను. కొబ్బరి చిప్పని అరగదీసి చూశాను. అది ఎంత మెత్తగా పలికిందో చెప్పలేను, కానీ సాయంత్రానికే అంచు విరిగింది. ఆఖరికి నాన్న వల కుట్టుకునే నీలం ప్లాస్టిక్ సూది విరిగిపోతే, ఆ ముక్కని మెట్టు రాయి మీద రుద్ది, గరుకు కాగితంతో నున్నగా చేసుకున్నాను.

“ఏంటే ఆ గీకుడు? పొద్దుట్నుంచీ ఒకటే ముక్క!” అని నాన్న వల ముందు నుంచి లేవకుండానే అరిచేవాడు.

నిజంగానే ఒకటే ముక్క. పిక్ మొనతో ఒకసారి, గుండ్రటి భుజంతో ఒకసారి. తీగకి ఎదురుగా పెట్టి ఒకసారి, కొంచెం వాల్చి ఒకసారి. గిటారు గుండ్రటి రంధ్రం మీద మీటితే తియ్యగా ఉండేది, కింద తీగలు బిగించిన చోటికి జరిగితే గొంతు సన్నబడేది. అలా మార్చి మార్చి చూస్తుండగా ఒక మధ్యాహ్నం చెయ్యి జారింది. పిక్ తీగని దాటిన వెంటనే బొటనవేలి చర్మం కూడా ఆ తీగకే రాసుకుంది. అసలు స్వరం కింద వినిపిస్తూనే ఉంది, దాని వెనకాల ఎవరో దూరంగా ఈల వేసినట్టు ఇంకో స్వరం లేచింది. మళ్ళీ ప్రయత్నిస్తే రాలేదు. వారం పైన పట్టింది, కావాలన్నప్పుడు తెప్పించడానికి.

అదే రోజుల్లో పెనుగొండలో ఒక పెళ్ళికి వాయించాం. అక్కడికి వచ్చిన శశిభూషణ్ గారు అనే ఆయన ప్రోగ్రాం అయ్యాక స్టేజీ దగ్గరికొచ్చారు. రాజమండ్రిలో ఆయనకి రికార్డింగ్ స్టూడియో ఉంది. ప్రకటనలకీ వీడియోలకీ సంగీతం చేసిస్తారు.

“నాకు గిటారుకి ఒక మనిషి కావాలండి. నెల పొడుగునా పని ఉంటుంది. మీరిద్దరూ ఫోన్లోనే చెరో ముక్కా రికార్డు చేసి పంపండి, చూద్దాం” అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఫ్యాన్ ఆపేసి, చెమటలు కారుతుండగా అన్నయ్య ఫోన్లో ఇద్దరం రికార్డు చేశాం. పంపింది అన్నయ్యే. కొన్నాళ్ళకి ఇంటికొస్తూనే గుమ్మంలోంచి, “అమ్మా! నాది తీసుకున్నారే! ముందు ఆ ముక్కనే ఒక వీడియోకి వాడతారంట!” అని కేకేశాడు.

అమ్మ చేతిలో పళ్ళెం కింద పెట్టేసి ఏడ్చేసింది. ఆ ముందటేడు తుఫాను రోజుల్లో వాళ్ళ బోటు ఇంజన్ ఆగిపోయి ఒడిశా వైపు కొట్టుకుపోయింది. వాళ్ళు తిరిగొచ్చేదాకా అమ్మ హార్బర్ వదిలి ఇంటికి రాలేదు. కొడుకు ఒడ్డున స్థిరపడతాడంటే ఆవిడకి అంతకంటే ఇంకేం కావాలి?

“మరి నాది?” అనడిగాను.

“బాగుందన్నారే. ఇంకొంచెం సాధన చెయ్యాలన్నారు” అన్నాడు అన్నయ్య. అలా అంటూ నా వంక కాక, గోడకి ఆనించి ఉన్న గిటారు వంక చూశాడు. అప్పుడు నాకేమీ అనుమానం రాలేదు. సంతోషంగానే ఉంది.

మే నెలలో కడియం దగ్గర ఒక పెళ్ళికి వెళ్ళాం. పెళ్ళికూతురి తండ్రి గంగరాజు గారికి పెద్ద నర్సరీ ఉంది. బంతి మొక్కల వరుసల పక్కనే పందిరి వేశారు. మేము వైర్లు కలుపుకుంటుంటే ఆయన ఫోన్ పట్టుకుని వచ్చాడు.

“మా నర్సరీ వీడియో చూశారాండీ? కొత్తగా చేయించాం. మొక్కల సంగతటుంచండి, ఆ మ్యూజిక్ వినండి ముందు.”

మొక్కలెక్కించుకుని వెళ్తున్న లారీలు, ఆ బొమ్మల వెనకాల గిటారు మోత. మొదటి నాలుగు స్వరాలు మామూలుగానే ఉన్నాయి. అయిదో దాని వెనకాల ఈల లేచింది.

నా చేతిలో ఉన్న వైరు అలాగే ఉండిపోయింది. అది నా బొటనవేలు. అందులో సందేహం లేదు. మూడో వరసలో ఒకచోట చర్మం తీగ మీద ఒక్క పిసరు ఎక్కువసేపు ఆగి స్వరం మూగబోయింది. ఆ తప్పు కూడా నాదే. రికార్డు చేసిన రోజే దానికి నాలుక కరుచుకున్నాను.

“ఎవరు వాయించారండీ ఇది?” అన్నాను.

“రాజమండ్రి స్టూడియో వాళ్ళు చేశారమ్మా. ఎవరో కాకినాడ కుర్రాడంట.”

అన్నయ్య అవతల స్పీకరు దగ్గర ఉన్నాడు. ఆ మాట వినపడే దూరమే. “దుర్గా! ఆ వైరు ఇటివ్వవే, టైమైపోతోంది!” అని మామూలు కంటే గట్టిగా పిలిచాడు.

ఆ సాయంత్రమంతా వెనకాల నిలబడి అన్నయ్య చెయ్యే చూస్తూ వాయించాను. చక్కగానే వాయించాడు. తీగ వెనక ఈల మాత్రం ఒక్కసారి కూడా లేవలేదు.

ఇంటికొచ్చాక నన్ను నేనే అనుమానించుకున్నాను. నా దగ్గర చూసి అన్నయ్య నేర్చుకుని ఉండొచ్చు కదా? ఒకే ఇంట్లో ఉంటాం, రోజంతా నా గీకుడు వింటూనే ఉన్నాడు. ఆ తప్పు కూడా యాదృచ్ఛికంగా పడిందేమో. తేల్చుకోవాలని, “అన్నయ్యా, ఆ రోజు నేను వాయించిన ముక్క ఒకసారి వినిపించవా?” అన్నాను.

“ఫోన్ నిండిపోతే తీసేశానే.”

“ఇద్దరివీనా?”

“ఆఁ, ఇద్దరివీ.”

“పోనీ నువ్వు పంపింది ఒకసారి వాయించు. విందాం.”

“చెయ్యి నొప్పిగా ఉంది” అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మధ్యాహ్నాల పూట గది తలుపు మూసుకుని వాయించుకోవడం మొదలుపెట్టాడు. నేను వీధి మెట్ల మీద కూర్చుని వినేదాన్ని. పిక్ తీగకి తగిలి గరుగ్గా జారిన చప్పుడు వచ్చేది, ఆగేది, మళ్ళీ వచ్చేది. నా నీలం పిక్ గిటారు సంచిలో నేను పెట్టిన అరలో కాక పక్క అరలో కనిపించేది. దాని అంచు ఇంకెవరో రుద్దినట్టు అనిపించేది. నిజంగా రుద్దారో, నా అనుమానమే రుద్దిందో చెప్పలేను. నేను గదిలోకి వెళ్తే మాటలు ఆగిపోతున్నట్టు ఉండేది. అన్నం తినేటప్పుడు నాన్న నన్నొకసారి, అన్నయ్యనొకసారి చూసి తల దించుకుంటున్నట్టు ఉండేది.

ఒక పొద్దున్న అమ్మ డాబా మీద చేపలు ఎండబెడుతోంది. నర్సరీ వీడియో దొరకబుచ్చుకుని ఆవిడ దగ్గర పెట్టాను.

“ఎవరు వాయించారో చెప్పమ్మా.”

అమ్మ చేపలు తిరగేస్తూనే వింది. “నువ్వే కదా” అంది. తడుముకోలేదు. ఆశ్చర్యపోలేదు కూడా.

“నీకెలా తెలుసు?”

“రోజూ నా నెత్తి మీదే కదే గీకేది! తెలీదా ఏంటి?”

“అన్నయ్య పేరు మీద వెళ్ళిందమ్మా ఇది.”

అమ్మ చెయ్యి అప్పుడు ఆగింది. “వెళ్తే వెళ్ళనీవే. ఎవరు వాయిస్తే ఏంటి, ఇంట్లోదే కదా. వాడు మళ్ళీ ఆ బోటెక్కకుండా ఉంటే నాకదే చాలు.”

“అయితే నీకు ముందే తెలుసు.”

“నాకేం తెలీదు. ఆ ఫోన్ అటు తియ్యి, ఉప్పు నీళ్ళు పడతాయి” అని మొహం తిప్పేసుకుంది. తెలుసో తెలీదో ఈ రోజుకీ నాకు తెలీదు.

జూన్ మొదట్లో రాజమండ్రి నుంచి ఫోనొచ్చింది. ఒక పెద్ద పని వచ్చిందనీ, ఈసారి స్టూడియోకే వచ్చి వాయించాలనీ శశిభూషణ్ గారు అన్నారట. బయల్దేరే ముందు రోజు అన్నయ్య నా పక్కన కూర్చున్నాడు.

“నువ్వూ రాకూడదూ? ఊరికే సరదాగా. స్టూడియో చూసినట్టుంటుంది.”

అంతకుముందు ప్రోగ్రాములకి కాక ఇంకెక్కడికి వస్తానన్నా, “నువ్వెందుకే, బరువు” అనే మనిషి. బస్సులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. ద్వారపూడిలో దిగి కూల్‌డ్రింక్ తెచ్చిచ్చాడు. ప్రతి మర్యాదకీ నా అనుమానం ఇంకాస్త పెరిగింది. కడియం దాటాక, బయటికి చూస్తూ అడిగాడు.

“ఆ నీలం పిక్ తెచ్చావా?”

“తెచ్చాను.”

“నాకివ్వు. దాంతో వాయిస్తాను.”

ఇచ్చాను. తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు.

స్టూడియో అంటే మేడ మీద రెండు గదులు, మధ్యలో అద్దం. ఒక గదిలో కుర్చీ, మైకు. రెండో గదిలో శశిభూషణ్ గారు. ఆయన మాట ఇవతలి గదిలో స్పీకరులోంచి వచ్చేది. గోడ పక్కన స్టూలు చూపించి నన్ను కూర్చోమన్నారు.

అన్నయ్య వాయించాడు. వేలితో సహా నాలాగే పట్టుకున్నాడు, అంత శ్రద్ధగా నన్నెప్పుడు చూశాడో మరి. స్వరం శుభ్రంగా వచ్చింది. అంతే వచ్చింది.

“బాగుందండి. కానీ ఆ వెనకాల ఈల రావట్లేదు. అది కావాలి నాకు.”

అన్నయ్య మళ్ళీ వాయించాడు. శశిభూషణ్ గారు వచ్చి మైకు దగ్గరికి జరిపారు, దూరం జరిపారు. “అదే గిటారేనా బాబూ?”

“అదేనండి.”

“పిక్?”

“అదేనండి. ఇదిగో.” నీలం ముక్క ఎత్తి చూపించాడు. “ఇక్కడ ఏసీ కదండీ, తీగలు బిగుసుకున్నట్టున్నాయి.”

“అవునా” అన్నారాయన. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. అద్దం అవతలికి వెళ్ళి కూర్చున్నారు. తర్వాత స్పీకరులోంచి, “అమ్మా, నువ్వొకసారి కూర్చుంటావా? ఊరికే, మైకు సరిచూసుకోవడానికి” అన్నారు.

ఊరికే కాదని నాకు తెలుసు. అన్నయ్యకీ తెలుసు. లేచి, గిటారు నా ఒళ్ళో పెట్టి, పిక్ నా అరచేతిలో ఉంచాడు. నా మొహం చూడలేదు. గోడకి అంటించిన నల్లటి స్పాంజి చతురస్రాల వైపు తిరిగి నిలబడ్డాడు.

పిక్‌ని మామూలుగా మొనతో పట్టుకుని, బొటనవేలు వెనక్కి లాక్కుంటే చాలు. అన్నయ్యకి వచ్చిన మోతే నాకూ వచ్చేది. ఏసీ వల్లేనని అందరం అనుకుని ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళం. డాబా మీద అమ్మ అన్న మాట గుర్తుకొచ్చింది. హార్బర్‌లో కళ్ళు పొడిబారిపోయి కూర్చున్న అమ్మ కూడా గుర్తుకొచ్చింది. నాకూ తను అన్నయ్యే కదా. అంత ఆలోచిస్తూనే ఉన్నాను, బిళ్ళ నా వేళ్ళ మధ్య తనంతట తానే వాలింది.

అయిదో స్వరం వెనకాల ఈల లేచింది. ఆ గదిలో ఇంట్లోకంటే ఎక్కువసేపు నిలిచింది.

స్పీకరులోంచి, “అలాగే ఉండమ్మా, కదలకు. రికార్డు చేస్తున్నాను” అని మాత్రం వినిపించింది.

పూర్తయ్యేసరికి అన్నయ్య గదిలో లేడు. కింద టీ బడ్డీ దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఇంకో టీ చెప్పాడు.

తిరుగు బస్సు కాలవ పక్కకి వచ్చింది. నేనే అడిగాను.

“ఫైళ్ళు పంపేటప్పుడే పేర్లు మార్చేశావా?”

“నేను మార్చలేదే. రెండూ పంపాను. ‘మొదటిది బాగుంది, మీరే కదా’ అన్నాడాయన. నేను కాదనలేదు.”

“మొదట పంపింది నాదేనా?”

“ఆఁ.”

“నాది ముందెందుకు పంపావు?”

 “అదే బాగుంది కనక” అన్నాడు.

ఆ మాట నిజమైతే, పంపే నిమిషం దాకా తను నా అన్నయ్యగానే ఉన్నాడు. అబద్ధమైతే, అంత మంచి అబద్ధం అప్పటికప్పుడు తనకెలా తోచిందో తెలీదు. ఇప్పటికీ ఒక్కోసారి నమ్ముతాను, ఒక్కోసారి నమ్మను.

“నీకెప్పుడు తెలిసింది?” అన్నాడు.

“కడియంలోనే.”

“మరి అడగలేదేం?”

“నువ్వు చెబుతావేమోనని చూశాను.”

ఇల్లు చేరాక చెప్పాల్సిందంతా అన్నయ్యే చెప్పాడు. “అమ్మా, వాళ్ళకి కావాల్సింది దుర్గ వాయించేదంట” అని, అక్కడికి ఆపేశాడు. నాన్న వల మడిచి పక్కన పెట్టి, “ఇంజన్ ఆయిల్ మార్చాలి, రేపు హార్బర్‌కి రా” అన్నాడు అన్నయ్యతో. అంతకుమించి ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అమ్మ నాకు అన్నం పెట్టింది గానీ పేరు పెట్టి పిలవలేదు.

జూన్ మధ్యలో వేట మొదలైంది. బోట్లకి పసుపు, కుంకుమ పెట్టి, కొబ్బరికాయలు కొట్టారు. ఐస్ ఎక్కిస్తున్న మనుషుల మధ్య అన్నయ్య కూడా ఉన్నాడు. బోటు కదిలినప్పుడు అమ్మ నా పక్కనే నిలబడి ఉంది, చెయ్యి మాత్రం నాకు తగలనివ్వలేదు. ఉప్పుటేరు దాటి బోటు కనుమరుగయ్యాక, “మబ్బు పట్టినట్టుంది కదే” అంది. ఆకాశంలో మబ్బేమీ లేదు. అయినా ఆవిడ నాతో మాట్లాడినందుకు, “ఆఁ, కొంచెం పట్టింది” అన్నాను.

అప్పట్నుంచీ వారంలో సగం రోజులు రాజమండ్రిలో ఉంటున్నాను, మిగతా సగం ఇంట్లోంచే వాయించి పంపుతున్నాను. అన్నయ్య వేటకెళ్ళి వస్తాడు, ప్రోగ్రాములుంటే చేస్తాడు.

వానలు ముదిరాక ఒకసారి వేట నుంచి వచ్చి, స్నానం చేసి, నా ఎదురుగా చాప మీద కూర్చున్నాడు.

“ఆ ఈల ఎలా తెప్పిస్తావో చూపించవే.”

చూపించాలా అని ఒక్క నిమిషం ఆలోచించాను. ఎందుకడుగుతున్నాడు? ఎవరికి పంపడానికి? అడగలేదు. తన చెయ్యి పట్టుకుని, పిక్ ఎంత వాల్చాలో, బొటనవేలు ఎప్పుడు రాసుకోవాలో, ఎంత తొందరగా తప్పించుకోవాలో చూపించాను. ఏదీ దాచలేదు. తాళ్ళు లాగి లాగి తన వేలి చర్మం గట్టిపడిపోయింది, అందుకని చాలా రోజులు పట్టింది. ఒక సాయంత్రం వచ్చింది. నాకంటే కొంచెం బొంగురుగా, అయినా వచ్చింది. ఇద్దరం నవ్వుకున్నాం. వంటింట్లోంచి అమ్మ, “ఎవరే ఆ వాయించింది?” అని అడిగింది.

ఇప్పుడు రెండు ముక్కలు పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో శశిభూషణ్ గారు కూడా చెప్పలేరేమో. అందుకే రికార్డు నొక్కగానే, మొదటి స్వరానికి ముందు, “సాయిదుర్గ వాయిస్తోంది” అని పైకి చెప్పి, అప్పుడు మొదలుపెడతాను. ఎందుకమ్మా, మళ్ళీ నేను కత్తిరించుకోవాలి కదా అని శశిభూషణ్ గారు నవ్వుతారు. అలవాటండీ అంటాను. ఇంట్లో రికార్డు చేసినప్పుడు కూడా చెబుతాను, పక్క గదిలో ఉన్న అన్నయ్యకి వినపడేంత గట్టిగా.